ఒకే పాటతో పరీక్షించిన పాటల పెట్టె

ఆరు నెలల క్రితం నాన్నగారి ఎనభయ్యో పుట్టినరోజుకు మా ఇంట్లో అందరం కలిసి ఒక పాటల పెట్టె కొన్నాము. చూడడానికి పాతకాలపు రేడియోలా ఉండి, లోపల మాత్రం కొన్ని వేల తెలుగు పాటలను ముందే నింపుకొని వచ్చే రకం అది. ధర ఆరు వేల రూపాయలకు కాస్త తక్కువ పడింది. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఇటువంటి పెట్టెలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి, కొనవచ్చా అని అడిగే బంధువులూ ఎక్కువయ్యారు. అందుకే నా అనుభవాన్ని వివరంగా రాయదలచుకున్నాను. అయితే వేల పాటల గురించి కాక ఒక్క పాట గురించే ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే పాట వినిపించే ఏ యంత్రాన్నయినా నేను ముప్పై ఏళ్ళుగా ఆ పాటతోనే పరీక్షిస్తున్నాను.

ఆ పాట 1961లో విడుదలైన ‘జగదేకవీరుని కథ’ చిత్రంలోని ‘శివశంకరీ’. పింగళి నాగేంద్రరావు గారి రచన, పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీతం, ఘంటసాల గారి గానం. మొదటి నుంచి చివరి దాకా నచ్చిన పాటతో యంత్రాన్ని పరీక్షించడం కుదరదని నా నమ్మకం. అటువంటి పాట ఎంత నాసిరకం స్పీకరులోంచి వచ్చినా, వినేవాడి మనసే లోటును పూడ్చుకుంటూ పోతుంది. ఈ పాటలో సగభాగం నాకు ప్రాణం. మిగిలిన సగంలో కొంత భాగం నాకు ఏనాడూ నచ్చలేదు. ఎక్కడ కళ్ళు మూసుకుంటానో, ఎక్కడ విసుగు మొదలవుతుందో నాకు కచ్చితంగా తెలుసు కనుక, కొత్త యంత్రం ఆ రెండు చోట్లా ఏం చేస్తున్నదో వెంటనే తెలిసిపోతుంది.

ముందు నచ్చిన భాగం. ఈ పాట దర్బారీ కానడ రాగంలో ఉంది. హిందుస్తానీ సంగీతం నుంచి మన వైపుకు వచ్చిన రాగం ఇది. అక్బరు ఆస్థానంలోని తాన్‌సేన్ పేరుతో దీనిని ముడిపెట్టి చెబుతారు, కర్ణాటక పద్ధతిలో నటభైరవి అనే మూలరాగం నుంచి పుట్టిన జన్యంగా లెక్కిస్తారు. ఈ రాగం ప్రాణమంతా గాంధారంలోనూ ధైవతంలోనూ, అంటే సరిగమలలోని ‘గ’లోనూ ‘ద’లోనూ ఉంది. ఆ రెండు స్వరాలనూ ఒకచోట కదలకుండా నిలబెట్టరు. ఊయలను ఊపినట్టు మెల్లగా ఊపుతూ పలికిస్తారు. పాట ఆరంభంలో ఘంటసాల గారు ఆ గాంధారాన్ని పలికే తీరును ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. గొంతులో ఎక్కడా తొందర ఉండదు. స్వరం కిందికి వాలి, రిషభాన్ని (‘రి’ని) తాకి, షడ్జం (‘స’) మీదికి చేరి కూర్చునేసరికి గదిలో మిగతా చప్పుళ్ళన్నీ అణగిపోయినట్టుంటుంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పద్ధతిగా నేర్చుకున్న విద్య అంతా ఆ ఒక్క స్వరంలో వినబడుతుంది.

సాహిత్యం కూడా ఆ నడకకు తగినట్టే ఉంది. అమ్మవారిని మొదట పెద్ద పెద్ద సంస్కృత సమాసాలతో పిలిచి, తరువాత ఉన్నట్టుండి ‘మనసు కరుగదా’ అని తేలిక మాటలతో అడగడం పింగళి వారికే చెల్లింది. పండితుడు పక్కకు తప్పుకొని ఇంటి బిడ్డ ముందుకు వచ్చినట్టుంటుంది. ఆ ప్రశ్న దగ్గర ఘంటసాల గారు గొంతును పెంచరు, తగ్గిస్తారు. నా దృష్టిలో ఈ పాటకు శిఖరం అక్కడే ఉంది, చాలామంది అనుకునే చోట కాదు.

చాలామంది అనుకునే చోటు పాట రెండో సగంలో వస్తుంది. మాటలు దాదాపు అయిపోతాయి, స్వరాలు మొదలవుతాయి, వాటి వెంట జతులు, అంటే మృదంగం దెబ్బలను నోటితో పలికే అక్షరాలు వస్తాయి, వేగం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. ఈ భాగం విని ఒళ్ళు పులకరించిందని చెప్పేవారి సంఖ్యే ఎక్కువని తెలిసి కూడా, నాకు అది నచ్చదని చెప్పక తప్పదు. గాయకుడి సామర్థ్యం మీద నాకు ఫిర్యాదు లేదు. అంత వేగంలోనూ ఒక్క అక్షరం నలగకుండా పాడడం సామాన్యులకు సాధ్యం కాదు. నా బాధ రాగం గురించి. ఊపవలసిన గాంధారాన్ని ఊపడానికి వ్యవధి కావాలి. వేగం హెచ్చినకొద్దీ ఆ వ్యవధి తరిగిపోయి, గాంధారం ఒక మెట్టులాగా మిగులుతుంది, గొంతు దాని మీద కాలు మోపి దాటిపోతుంది. పాట మొదట్లో నన్ను కట్టిపడేసిన స్వరం, అదే గాయకుడి నోట, అదే పాటలో, తన లక్షణాన్ని పోగొట్టుకోవడం వినడానికి నాకు మనసొప్పదు.

మరొక కారణం కూడా ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు నేను ఈ పాటను రేడియోలోనూ క్యాసెట్టులోనూ మాత్రమే విన్నాను, సినిమా చూసింది కాలేజీ రోజుల్లో. తెరమీద ఈ సన్నివేశంలో ఎన్.టి.రామారావు గారు ఒక్కరే అనేక రూపాలుగా మారి, ఒక రూపంలో పాడుతూ, ఒక రూపంలో వీణ మీటుతూ, ఒక రూపంలో మృదంగం వాయిస్తూ కనిపిస్తారు. ఆ దృశ్యాన్ని చూస్తున్నప్పుడు స్వరానికి ఒక ముఖం, జతికి ఒక ముఖం, మృదంగానికి మరొక ముఖం ఉన్నాయి. ఒకరి తరువాత ఒకరు అందుకోవడంలో పోటీ ఉంది, దర్శకుడు కె.వి.రెడ్డి గారు కోరుకున్న అద్భుతం ఉంది. బొమ్మ లేకుండా వింటే అదే భాగం వంతులవారీగా అప్పజెప్పిన పాఠంలా వినిపిస్తుంది. కంటికోసం కట్టిన భాగాన్ని చెవి ఒక్కటే మోయవలసి వస్తున్నదని అప్పుడు అర్థమైంది. ఆ తరువాత కొంత సమాధానపడ్డాను గాని, ఇష్టం మాత్రం కలగలేదు.

క్యాసెట్టుల కాలంలో దీనికి ఒక ఉపాయం ఉండేది. మా టేపు రికార్డరుకు మూడంకెల కౌంటర్ ఉండేది. క్యాసెట్టును మొదటికి తిప్పి, కౌంటర్‌ను సున్నాకు తెచ్చి పాట మొదలుపెడితే, స్వరాలు ఎక్కడ మొదలవుతాయో, చివరి పిలుపు ఎక్కడ వస్తుందో అంకెల్లో తెలిసిపోయేది. క్యాసెట్టు డబ్బాలోని అట్టమీద, పాట పేరు పక్కన, నేను పెన్సిలుతో ఆ రెండు అంకెలూ రాసుకున్నాను. మొదటి అంకె రాగానే ఫార్వర్డ్ మీట నొక్కి, రెండో అంకె దగ్గర వదిలేవాడిని. టేపు ఆగిన చోట అరక్షణం గొంతు గరగరమని, తరువాత చివరి ఆలాపన తేటగా వచ్చేది. నాన్నగారు ఇంట్లో ఉంటే మాత్రం ఇది సాగేది కాదు. ఆయనకు ఇష్టమైనది సరిగ్గా నేను దాటవేసే భాగమే. “అక్కడే కదరా అసలు పాట, అదే తీసేస్తే ఎట్లా?” అని వంటింట్లోంచి కేక వేసేవారు.

ఇప్పుడు పెట్టె విషయానికి వస్తాను. నెమ్మదిగా సాగే మొదటి భాగాన్ని ఇది చాలా చక్కగా వినిపిస్తుంది. శబ్దాన్ని సగానికి కాస్త తక్కువలో ఉంచితే ఘంటసాల గారి గొంతులోని నిండుదనం, మంద్రంలోకి దిగినప్పటి గాంభీర్యం చిన్న గదికి సరిపోయినంతగా వస్తాయి. పాత రికార్డింగులలో ఉండే సన్నని బుస కొద్దిగా ఉంది. దాన్ని పూర్తిగా తుడిచేయకపోవడం మంచిదే, ఎక్కువగా తుడిస్తే గొంతులోని అంచులు కూడా పోతాయి. స్పీకర్లు రెండున్నాయని అట్టపెట్టె మీద గొప్పగా రాశారు గాని, ఆ కాలపు పాటకు దానివల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు, రెండింటిలోనూ వచ్చేది ఒకే శబ్దం.

రెండో భాగం మొదలయ్యాక యంత్రం బలహీనత బయటపడింది. జతుల దగ్గర గొంతూ మృదంగమూ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి. మృదంగానికి ఎడమవైపు ముఖమైన తొప్పి మీద పడే దెబ్బ, కుడివైపు ముఖం నడుమ ఉండే నల్లని పూత అయిన కరణి మీద పడే దెబ్బ వేరువేరుగా వినబడాలి. ఇక్కడ రెండూ కలిసి చెక్కబల్ల మీద కొట్టినట్టున్నాయి. శబ్దం పెంచితే ముద్ద మరింత పెద్దదవుతుంది, పెట్టె పైకప్పు కూడా సన్నగా అదురుతుంది. ఈ భాగం నాకు ఎలాగూ నచ్చదు కనుక తప్పు నాదో యంత్రానిదో తేల్చుకోవాలనిపించి, అదే రోజు రాత్రి ఫోనులో, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఆ పాటే మళ్ళీ విన్నాను. అప్పుడు మృదంగం విడిగా వినిపించింది, గొంతుకూ దానికీ మధ్య చోటు కనిపించింది, జతికి జవాబుగా మృదంగం పలికే తీరు మొదటిసారిగా బొమ్మ లేకుండానే నాకు అర్థమైంది. ముప్పై ఏళ్ళ నా అయిష్టంలో కొంత భాగం మా టేపు రికార్డరు మీద ఉండవలసిందని ఒప్పుకోవాలి. గాంధారం సంగతి మాత్రం హెడ్‌ఫోన్లలోనూ మారలేదు. అది పాటలోనే ఉంది.

పెట్టెలో నాకు నచ్చని అసలు లోపం వేరే ఉంది. పాటలో ముందుకు జరిగే సదుపాయం దీనికి లేదు. బటన్ నొక్కితే తరువాతి పాటకు పోతుంది, లేదా ఇదే పాట మొదటికి వస్తుంది. మధ్యలో ఫలానా చోటికి పోవడం సాధ్యం కాదు. నొక్కి పట్టుకుంటే జరుగుతుందేమోనని చూశాను, జరగలేదు. కొన్న దుకాణంలో అడిగితే, పెద్దవాళ్ళకు తికమక లేకుండా ఉండాలని అలా తయారు చేశారని చెప్పారు. ఈ సమాధానం నాకు తృప్తినివ్వలేదు. కౌంటర్ చూసుకుంటూ టేపును కచ్చితమైన చోట ఆపిన తరం వారిది. వారికి అంత చిన్న మీటతో తికమక కలుగుతుందని అనుకోవడం సరికాదు. పైగా కరెంటు పోయి వచ్చినప్పుడు, లేక ఛార్జింగు అయిపోయినప్పుడు, పాట ఆగిన చోటినుంచి కాక మొదటినుంచి మొదలవుతుంది. మామూలు పాటకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. 78 తిరుగుళ్ళ పాత రికార్డు ఒక్క వైపున సుమారు మూడు నిమిషాలే పడుతుంది, ఆ రోజుల పాటలు చాలావరకు ఆ కొలతకు తగ్గట్టు వచ్చినవే. ఈ పాట ఆ కొలతలో ఇమిడేది కాదు. చివరి పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాడు మళ్ళీ మొదటినుంచి వినవలసి వస్తే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

మిగతా విషయాలు క్లుప్తంగా చెబుతాను. బ్యాటరీ మా వాడకంలో ఐదు గంటలు వస్తున్నది. ఎఫ్ఎం మా వీధిలో బాగానే అందుతుంది. బ్లూటూత్ ఉంది, నాన్నగారు వాడరు. పాటలను గాయకుల వారీగా, సంగీత దర్శకుల వారీగా విభజించారు గాని, రచయితల వారీగా విభజించలేదు. పింగళి, సముద్రాల, ఆత్రేయ, దాశరథి, ఆరుద్ర వంటివారు రాసిన పాటలున్న పెట్టెలో రచయితకు ఒక వరుస కేటాయించకపోవడం నాకు చాలా కష్టంగా తోచింది. చిన్న తెరమీద పాట పేరు తెలుగులో కాక ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది. నాన్నగారు భూతద్దం పెట్టుకొని కూడబలుక్కుంటారు.

కొనదలచుకున్నవారికి నేను చెప్పగలిగేది ఒకటే. దుకాణంలో వారు పెట్టి వినిపించే హుషారు పాటను బట్టి నిర్ణయించుకోకండి. మీకు బాగా తెలిసిన, అందులో నచ్చని చోటు కూడా ఉన్న పాట ఒకటి అడిగి పెట్టించుకోండి. నెమ్మదిగా సాగే చోట గొంతు నిండుగా ఉందో లేదో చూడండి, వాద్యాలు గుమిగూడే చోట దేనికది వినబడుతున్నదో లేదో చూడండి, పాట మధ్యకు పోవడం ఎలాగో చేసి చూపించమనండి. మేము ఈ మూడో ప్రశ్న అడగలేదు.

పెట్టెను తిరిగి ఇవ్వలేదు. అది నాన్నగారి గదిలో కిటికీ పక్కన ఉంది. రోజూ సాయంత్రం కాఫీ తాగాక ఆయన ఆ పాట పెట్టుకుంటారు. మొదటి భాగంలో కదలకుండా కూర్చుంటారు. స్వరాలు మొదలయ్యేసరికి కుడిచెయ్యి మోకాలి మీదికి వచ్చి తాళం అందుకుంటుంది, జతుల దగ్గర పెదవులు కూడా కదులుతాయి. ఆ సమయానికి నేను ఇంట్లో ఉంటే గుమ్మం దగ్గర నిలబడి ‘మనసు కరుగదా’ వరకు వింటాను. ఆ తరువాత పెరట్లోకి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసి, చివరి పిలుపు సమయానికి మళ్ళీ గుమ్మం దగ్గరికి వస్తాను.