కదలని సైకిలుకు కాలప్రమాణం: ట్రైనర్ మీద మూడేళ్లు విన్న సంగీతం

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మా మూడో అంతస్తు ఫ్లాటు బాల్కనీలో ఒక డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్, అంటే వెనక చక్రం తీసి సైకిలును బిగిస్తే ఉన్నచోటే తొక్కనిచ్చే యంత్రం, మూడేళ్లుగా ఉంది. ఒక వానాకాలపు తెల్లవారుజామున, నీళ్లు నిండిన గుంత మామూలు రోడ్డులాగే కనిపించి నన్ను పడేసిన తరువాత, మోచేయి మానేవరకు పనికివస్తుందని దాన్ని కొన్నాను. మోచేయి ఆరు వారాల్లో మానింది. ట్రైనర్ మాత్రం వారానికి నాలుగు రోజుల అలవాటుగా స్థిరపడిపోయింది. ఆ యంత్రం మంచిచెడ్డలు మరోసారి చెప్పుకోవచ్చు. దాని మీద కూర్చున్న గంటను గట్టెక్కించడానికి ఈ మూడేళ్లలో నేను విన్న సంగీతంలో ఏది ఎక్కడ పనికివచ్చిందో, ఏది పని చెడగొట్టిందో ఇక్కడ రాస్తున్నాను.

రోడ్డు మీద గాలి చెమటను ఆరుస్తుంది, పల్లం వస్తే కాళ్లకు తెరిపి దొరుకుతుంది, కుక్క వెంటపడితే మనసుకు పని దొరుకుతుంది. ట్రైనర్ మీద ఈ మూడూ ఉండవు. పైగా నేను ఎక్కువగా వాడేది ఎర్గ్ మోడ్. అందులో 180 వాట్లు అని పెడితే, కాళ్ల వేగంతో నిమిత్తం లేకుండా యంత్రం అంత శక్తినీ మన దగ్గర వసూలు చేస్తుంది. కాళ్లు నెమ్మదిస్తే బరువు పెంచుతుంది, బరువు పెరిగినకొద్దీ కాళ్లు ఇంకా నెమ్మదిస్తాయి, కాసేపటికి పెడల్ బురదలో దిగబడినట్టు ఆగిపోతుంది. అందుచేత నిమిషానికి ఇన్ని చుట్లు అన్న లెక్కను, అంటే కేడెన్స్‌ను, సడలనివ్వకుండా పట్టుకోవడం ఇక్కడ ప్రాణావసరం. సంగీతం ఆ పనికి సాయపడాలి, కనీసం అడ్డుపడకూడదు.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. ‘హుషారు’ అని పేరు పెట్టి అరవై డెబ్బై సినిమా పాటలు ఒక జాబితాలో వేసుకుని, కలగాపులగంగా వాయించే పని ఫోనుకు వదిలేశాను. హుషారు వచ్చేది కానీ కాళ్లకు దారి దొరికేది కాదు. కారణం తెలుసుకోవడానికి ఒక మధ్యాహ్నం కూర్చుని, ఒక్కొక్క పాటకూ బల్ల మీద వేలితో తాళం తడుతూ, గడియారం చూసి లెక్క రాసుకోవలసి వచ్చింది. నేను తొక్కే వేగం నిమిషానికి 90 చుట్లు. చుట్టుకు కుడికాలు ఒకసారీ ఎడమకాలు ఒకసారీ నొక్కుతాయి కనుక నిమిషానికి 180 తొక్కులు. పాటలో నిమిషానికి 90 దెబ్బలుంటే చుట్టుకొకటి, 180 ఉంటే తొక్కుకొకటి పడుతుంది. రెండూ కాళ్లకు పొసగుతాయి. నా జాబితాలో ముప్పాతిక వంతు పాటలు 115కూ 140కూ మధ్య తేలాయి. 120 దెబ్బల పాటతో తొక్కుకొక దెబ్బగా కాళ్లు కలిస్తే 60 చుట్లకు దిగిపోతాయి, మోకాళ్లకు అది శిక్ష. కలవకుండా తొక్కితే చెవిది ఒక దారి, కాలిది ఒక దారి అవుతుంది.

ఆ లెక్కలోనే ఒక వింత బయటపడింది. పెళ్లి ఊరేగింపులో తలపాగా పెద్దలను సైతం గంతులు వేయించే తీన్మార్ దరువు పాటలు అన్నిటికంటే వేగమైనవని నేను గట్టిగా నమ్మేవాణ్ని. డప్పు మీద పుల్లల చప్పుడు నిజంగానే వేగం. అయితే అడుగు పడే పెద్ద దెబ్బలు, నేను లెక్కపెట్టినంతలో, నిమిషానికి 130–140 మాత్రమే ఉన్నాయి, అంటే తొక్కుకొకటి చొప్పున 65–70 చుట్లు. బెంగళూరు దగ్గరి నందికొండ ఘాట్ మలుపుల్లో నా కాళ్లు తిరిగేది సరిగ్గా ఆ వేగంలోనే. అప్పటినుంచి బరువైన గేరుతో నెమ్మదిగా తొక్కే కొండ సాధనకు తీన్మార్ తప్ప మరొకటి పెట్టడం లేదు. ఎనిమిది నిమిషాల చొప్పున నాలుగుసార్లు చేసే ఆ కసరత్తులో అంత నిక్కచ్చిగా కాలికి అమరిన సంగీతం నాకు మరొకటి దొరకలేదు. మాటలు ఎంత పేలవంగా ఉన్నా ఆ సమయంలో చెవికి ఎక్కవు, అదొక అదృష్టం.

90 చుట్ల పనికి మాత్రం పరిష్కారం సినిమా పాటల్లో దొరకలేదు. చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో శ్రీరామసేవా మండలి 1939లో మొదలుపెట్టి నేటికీ నడుపుతున్న శ్రీరామనవమి సంగీతోత్సవాలకు ఏటా రెండు మూడు రోజులైనా వెళ్తుంటాను. రెండో ఏడాది అక్కడొక కచేరీలో తని ఆవర్తనం నడుస్తుండగా, నా కుడిపాదం కుర్చీ కింద పెడల్ తొక్కినట్టు ఆడుతూ ఉండటం గమనించాను. గాయకులు పాట ఆపి తాళం వేస్తూ కూర్చుంటే మృదంగం, ఘటం పదిహేను ఇరవై నిమిషాలు తమలో తాము మాట్లాడుకునే ఘట్టమది. ట్రైనర్ మీద మధ్యస్థ తీవ్రతతో ఆగకుండా చేసే సాధన కూడా సాధారణంగా ఇరవై నిమిషాల ముక్కలుగానే ఉంటుంది. మర్నాడే ఇంట్లో ఉన్న పాత కచేరీ రికార్డింగులన్నీ తని కోసం వెతికాను.

ఎనిమిది దెబ్బల ఆదితాళంలో నెమ్మదిగా సాగే తనిలో నిమిషానికి 45 దెబ్బలు ఉన్నదాన్ని ఎంచుకున్నాను. దెబ్బను నాలుగుగా పంచే చతురశ్ర నడలో దెబ్బకు నాలుగు మాత్రలు కనుక నిమిషానికి 180, అంటే తొక్కుకొక మాత్ర. ముప్పై రెండు తొక్కులకు, పదహారు చుట్లకు, ఒక ఆవర్తనం, అంటే తాళం మొదటినుంచి చివరిదాకా ఒకసారి, పూర్తవుతుంది. గడియారంలో ఒక నిమిషం ఎంతకీ గడవదు కానీ, ఇంకో ఆవర్తనం, ఆ తరువాత ఇంకోటి అనుకుంటే ఆరు ఆవర్తనాలు ఎప్పుడు దొర్లాయో తెలియదు. వాద్యకారుడు ఒక ముక్తాయి, అంటే ముగింపు అల్లిక, కట్టడం మొదలుపెట్టాడంటే అది సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకు, ఎలా వచ్చి కూర్చుంటుందో చూడాలన్న ఆత్రం నన్ను మరో అర నిమిషం జీను మీద నిలబెడుతుంది. పల్లవి, చరణం, పల్లవిగా నాలుగు నిమిషాలకొకసారి ముగిసే సినిమా పాటలో ఈ ఆత్రం లేదు, పైగా ప్రతి పాట చివరా ‘చాలు, దిగు’ అన్న ఆలోచన తలెత్తుతుంది.

మొదటి వారంలోనే దెబ్బ తిన్నాను. పదకొండో నిమిషంలో మృదంగం ముందుగా చెప్పకుండా తిశ్రనడకు మారింది. దెబ్బ వేగం అదే, దెబ్బకు మాత్రలు మాత్రం నాలుగుకు బదులు మూడు, అంటే నిమిషానికి 135. నా కాళ్లు నన్ను అడగకుండానే వాటితో కలిసిపోయాయి. తెర మీద 90 ఉన్న కేడెన్స్ 84కూ, 76కూ, ఆపైన 68కూ జారింది. యంత్రం తన ధర్మం ప్రకారం బరువు పెంచుకుంటూ పోయింది. నేను జీను మీంచి లేచి నిలబడి పళ్లు బిగించి తొక్కినా లాభం లేక, పెడల్ ఆగిపోయింది. తని మాత్రం నిక్షేపంగా సాగిపోతోంది. ఆ రోజు నుంచి కొత్త రికార్డింగును ముందుగా సోఫాలో కూర్చుని ఆసాంతం వినకుండా సైకిలు ఎక్కడం లేదు. నడ మారే చోటు గుర్తుపెట్టుకుని, కష్టపడే ముక్క అంతకు ముందే అయిపోయేలా చూసుకుంటాను. కచేరీ ఊపులో కాలప్రమాణం, అంటే తాళం వేగం, కొద్దిగా పరుగెత్తే రికార్డింగులూ ఉంటాయి. అవి 90తో మొదలై 94 దగ్గర వదిలిపెడతాయి. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

మిశ్రచాపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆదితాళంలో ఆవర్తనానికి తొక్కులు సరిసంఖ్య కనుక సమం ఎప్పుడూ ఒకే కాలి కింద పడుతుంది. నాకు తెలియకుండానే అది కుడికాలుగా స్థిరపడింది, సమం దగ్గర నేను కాస్త గట్టిగా నొక్కుతాను కూడా. మిశ్రచాపు మూడూ నాలుగుగా విరిగే ఏడు మాత్రల తాళం. తొక్కుకొక మాత్ర చొప్పున తొక్కితే సమం ఒకసారి కుడికాలి కింద, మరుసటిసారి ఎడమకాలి కింద పడుతుంది. ఐదు మాత్రల ఖండచాపుదీ అదే తీరు. మొదటి పది నిమిషాలు మెదడు కొంచెం గింజుకుంటుంది, తరువాత ఆ మార్పిడే ఒక ఆటగా మారుతుంది. కాళ్ల శక్తిని కొలిచే నా పవర్ మీటర్ చూపే కుడి ఎడమల వాటా 53–47గా ఉండేది, ఆరు నెలలకు 51–49 దగ్గరికి వచ్చింది. అంతా మిశ్రచాపు చలవే అని ప్రమాణం చేయలేను గానీ, ఆ కాలంలో నేను మార్చిన విషయం మరొకటి లేదు.

సైకిలుకూ సంగీతానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని కొలవడం కొత్తేమీ కాదు. న్యూయార్క్‌లో జరిగిన ఆరు రోజుల సైకిల్ పందెంలో లెనర్డ్ అయర్స్ అనే ఆయన గడియారం పట్టుకుని లెక్కలు కట్టి 1911లో ప్రకటించాడు: బ్యాండు వాయిస్తున్నప్పుడు సగటు వేగం గంటకు 19.6 మైళ్లు, వాయించనప్పుడు 17.9. బ్యాండు మోగే వేళకు జనం అరుపులు కూడా ఎక్కువగా ఉండి ఉంటాయన్నది నా అనుమానం. మన కాలంలో వ్యాయామ సంగీతం మీద విస్తారంగా పనిచేసిన లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయపు కోస్టాస్ కరాగియోర్గిస్ చెప్పే ముఖ్యమైన మాట, తేలిక, మధ్యస్థ తీవ్రతల్లో సంగీతం శ్రమ తెలియకుండా చేయగలదు గానీ, తీవ్రత బాగా పెరిగినప్పుడు శరీరం పెట్టే కేకల ముందు అది నిలవదు అని. నా అనుభవం అక్షరాలా అదే. రెండు మూడు నిమిషాల పాటు ఊపిరి ఆడకుండా చేసే ఇంటర్వల్స్‌లో ఏ పాట మోగుతోందో నాకు తెలియదు. అందుకని అక్కడ సంగీతం ఆపేసి, మధ్య విరామాల్లో మాత్రం వేణువో వీణో పెట్టుకుంటున్నాను. ఎగశ్వాస దిగడానికి అది మేలు.

వార్మప్‌కు తాళం ఉన్నది ఏదీ మంచిది కాదని తేల్చుకున్నాను. దరువు వినిపిస్తే చాలు, చల్లగా ఉన్న కాళ్లు కూడా ఎగబడతాయి. పన్నెండు నిమిషాల రాగాలాపన పెడితే తొందరపెట్టేది ఏదీ ఉండదు, రాగం విచ్చుకునేలోగా ఒళ్లు తనంతట వేడెక్కుతుంది. రెండు గంటల నెమ్మది సాధనకు సంగీతమే విసుగు పుట్టిస్తుంది కనుక అష్టావధానం రికార్డింగులు వింటాను. సమస్య ఇచ్చినప్పుడు అవధాని కంటే ముందు నేనే పూరించాలని తంటాలు పడుతుంటే ముప్పావుగంట గడిచిపోతుంది. ఇంతవరకు ఒక్క పాదమైనా గణాలు సరిపోయేలా కుదిరింది లేదు.

పరికరాల విషయం క్లుప్తంగా చెబుతాను. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు రెండు జతలు చెమటకు చచ్చిపోయాయి. చెవి ముందు ఎముక మీద ఆనే బోన్ కండక్షన్ రకం చెమటకు తట్టుకుంది కానీ, దానిలో మంద్రం పలచబడి, మృదంగం ఎడమ వైపు గుమ్కి దాదాపు వినిపించదు. తని వినేవారికి అది సగం భోజనమే. ఫ్యాను హోరును దాటించాలని శబ్దం పెంచుకుంటూ పోవడం మరో ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే పరిమితి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. అంతకు మించి పెంచితే ఆ గంటలు చకచకా తరిగిపోతాయి. ఫ్యానును మూడడుగులు వెనక్కి జరిపితే శబ్దం రెండు గీతలు తగ్గించగలిగాను. ప్రకటనలు వచ్చే ఉచిత యాప్‌లను ఈ పనికి వాడవద్దు. ఇంటర్వల్ చివరి ఇరవై సెకన్లలో గృహరుణం గురించి వినవలసి వచ్చిన రోజు నేను రికార్డింగులన్నీ ఫోన్‌లోకి దించుకున్నాను.

ఒక నష్టం కూడా ఉంది. మీకు ప్రాణప్రదమైన పాటలను ట్రైనర్ దగ్గరికి తీసుకురావద్దు. మొదటి ఏడాది జాబితాలో ఉన్న ఒక మెలొడీ పాట ఇప్పుడు ఏ పెళ్లి విందులో వినిపించినా నా తొడలు బిగుసుకుంటాయి, చేతిలోని అరిసె రుచి తెలియదు. ఆ పాట నాకిక తిరిగి రాదనే అనుకుంటున్నాను.

గుమ్కి కోసం ఆదివారాలు మాత్రం చిన్న స్పీకరు పెట్టుకుంటాను. మా కింది ఇంట్లో చిత్తూరు వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లుగా ఇక్కడ స్థిరపడిన పెద్దాయన ఉంటారు. ట్రైనర్ కొన్న కొత్తలో లిఫ్ట్ దగ్గర ఎదురై, “ఏం అబ్బాయ్, తెల్లారకముందే పిండిమర తిప్పుతాండావా?” అని అడిగారు. దళసరి రబ్బరు చాప పరిచాక ఆ ఫిర్యాదు ఆగింది. పోయిన ఏడాది మళ్లీ ఆపారు. “చప్పుడు తగ్గింది, సరే. ఆ మృదంగం ఆయన్ని ముక్తాయి ఎయ్యనీకుండా నడిమధ్యలో ఆపేస్తాండావు. సద్దన్నం సగంలో ఉండంగా తట్ట లాగేసినట్టు ఉంటాంది మాకు” అన్నారు. నిజమే, నా ఇరవై నిమిషాలు అవగానే స్పీకరు కట్టేసి స్నానానికి పోయేవాణ్ని. ఇప్పుడు సాధన అయ్యాక కూడా తని పూర్తయ్యేవరకు కూల్‌డౌన్ పొడిగిస్తున్నాను. కాళ్లకు కూడా అదే మంచిదని తరువాత తెలిసింది. మొన్న ఆదివారం కోర్వై, అంటే తని చివర మూడుసార్లు వాయించే ముగింపు అల్లిక, మూడోసారి తిరిగి సమానికి వచ్చిపడగానే కింది బాల్కనీలోంచి “భేష్” అని వినిపించింది. నేను అప్పటికి 90 వాట్ల మీద, తువాలుతో మెడ తుడుచుకుంటున్నాను.