11 ఏళ్లు, ఒకటే సైజు, దాదాపు 40 డెక్‌లు: స్కేట్‌బోర్డు మీద నా లాంగ్ టర్మ్ రివ్యూ

నిన్న ఇంకో డెక్, అంటే బోర్డులో మనం నిలబడే చెక్క, పోయింది. తోక దగ్గర పొర లేచి చాలా రోజులే అయింది, ఇంకో రెండు వారాలు లాగిద్దాం అనుకున్నా, కానీ లెడ్జ్ (అరుగులాంటి గట్టు) మీంచి దిగుతుంటే వెనక బోల్టుల దగ్గర అడ్డంగా ఫట్‌మని చీలిక వచ్చేసింది. ట్రక్స్, అంటే వీల్స్‌ని డెక్‌కి కలిపే లోహపు భాగాలు, విప్పి కొత్త డెక్‌కి బిగిస్తూ లెక్కేసుకుంటే 11 ఏళ్లలో ఇది దాదాపు 40వది. ఇన్నేళ్లూ వాడింది ఒకటే సెటప్, 8.25 అంగుళాల డెక్, 53 మిల్లీమీటర్ల వీల్స్, ఎప్పుడూ అదే ఎత్తు ట్రక్స్. కొత్త బోర్డు కొన్న వారంలో రాసిన రివ్యూలు బోలెడు కనిపిస్తాయి, పాప్ అదిరింది షేప్ అదిరింది అని, వారంలో ఏ డెక్ అయినా అదిరిపోతుంది లెండి. ఏళ్ల తరబడి వాడాక ఏం మిగులుతుందో, మనం పెట్టే డబ్బు అసలు దేనికి పోతుందో, అది రాద్దామని కూర్చున్నా.

ముందు ట్రక్స్ గురించి, ఎందుకంటే సెటప్ మొత్తంలో మనతో ఎక్కువ కాలం ఉండేవి అవే. నా మొదటి జత ఆరేళ్ల పైన వచ్చింది. గ్రైండ్ చేసీ చేసీ, అంటే గట్టు అంచుల మీద ట్రక్స్‌తో రాసుకుంటూ పోయీ పోయీ, హ్యాంగర్ (ట్రక్‌లో అడ్డంగా ఉండే భాగం) మధ్యలో అల్యూమినియం అరిగిపోయి లోపల స్టీల్ యాక్సిల్ మెరుస్తూ కనపడే దాకా వాడా. మధ్యలో మార్చింది బుషింగ్స్ (ట్రక్ అటూ ఇటూ తిరగడానికి ఉండే రబ్బరులాంటి దిమ్మలు) నాలుగైదు సార్లు, పివట్ కప్స్ అనే చిన్న గిన్నెల్లాంటివి రెండు సార్లు, ఒకసారి కింగ్‌పిన్ అనే మధ్య బోల్టు విరిగింది అంతే. కొత్త బుషింగ్స్ వేశాక మొదటి వారం బోర్డు తిరగనే తిరగదు, అప్పుడు నట్ మరీ వదులు చేయకండి, తొక్కుతూ ఉంటే అవే సర్దుకుంటాయి. ఇప్పుడు వాడేది ఇండిపెండెంట్, 1978లో సాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన కంపెనీ.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఈ రివ్యూ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ ట్రక్స్ మొదలుపెట్టిన వాళ్లలో ఇద్దరు, ఫాస్టో విటెల్లో, ఎరిక్ స్వెన్సన్, 1981లో థ్రాషర్ మ్యాగజైన్ పెట్టారు. అప్పటికి స్కేట్‌పార్కులు వరసగా మూతపడుతున్నాయి, స్కేటింగ్ పని అయిపోయింది అనుకుంటున్న టైమ్ అది, అలాంటప్పుడు ట్రక్స్ ఎవరు కొంటారు? కొనేవాళ్లు ఉండాలంటే ముందు స్కేటింగ్ బతికే ఉందని జనానికి కనపడాలి. రెండేళ్లకి, 1983లో, ట్రాకర్ ట్రక్స్ వాళ్ల వైపు నుంచి ట్రాన్స్‌వరల్డ్ వచ్చింది. అంటే రెండు పెద్ద మ్యాగజైన్లూ ట్రక్స్ తయారుచేసేవాళ్ల చేతుల్లోనే పుట్టాయి. ఈ ఆటలో వస్తువు వేరు, మీడియా వేరు అని ఎప్పుడూ లేదు. ఒకే జేబు. ఇది అర్థమవ్వడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, అది కూడా డెక్స్ విరగ్గొట్టుకుంటూ పోతే అర్థమైంది.

డెక్ అంటే హార్డ్ మేపుల్ చెక్క, పలచటి పొరలు ఏడు, జిగురుతో అంటించి ప్రెస్‌లో వంపు తిప్పుతారు. మామూలుగా ఐదు పొరల్లో చెక్క ఈనెలు నిలువుగా ఉంటాయి, రెండింట్లో అడ్డంగా ఉంటాయి, ఆ అడ్డ పొరలే డెక్ పొడుగునా చీలిపోకుండా పట్టుకుంటాయి. ఉత్తర అమెరికాలో గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల చలికి నిదానంగా పెరిగిన చెట్టు కాబట్టి చెక్క గట్టిగా ఉంటుంది, కొట్టగానే తిరిగి లేస్తుంది, మనం పాప్ అనేది దాన్నే. కార్బన్ అని ఫైబర్ అని మధ్యలో ఎన్నో వచ్చాయి, నేనూ రెండు వాడా, అవి గట్టివే, ఎక్కువ కాలం వస్తాయి, కానీ పాదం కింద ఆ ఫీల్ వేరేగా ఉంది, మళ్లీ మేపుల్‌కే వచ్చేశా.

ఎక్కువ మంది అడిగేది ఏ బ్రాండ్ మంచిది అని. నా నిజాయితీ జవాబు, చెక్క వరకు అయితే బ్రాండ్ల మధ్య తేడా మీరు అనుకునేంత లేదు. చాలా బ్రాండ్లకి సొంత ఫ్యాక్టరీ ఉండదు, మెక్సికోలోనో చైనాలోనో ఉన్న కొన్ని వుడ్‌షాపుల్లోనే రకరకాల బ్రాండ్ల డెక్స్ ప్రెస్ అవుతాయి, పైన బొమ్మ మారుతుంది. పాల్ ష్మిట్ అనే ఆయన పీఎస్ స్టిక్స్ అనే వుడ్‌షాపు పెట్టి దశాబ్దాలుగా ఎన్నో బ్రాండ్లకి డెక్స్ చేసిచ్చాడు, ఆయన పేరు తెలియనివాళ్లు కూడా ఆయన డెక్ మీద నిలబడే ఉంటారు. తేడా వచ్చేది ఎక్కడంటే చెక్క ఎంత ఆరింది, ప్రెస్‌లో ఒక్కటే పెట్టారా ఒకదాని మీద ఒకటి నాలుగైదు పేర్చి ఒత్తారా అన్న దగ్గర. పేర్చి ఒత్తితే ఒక్కో డెక్ కాన్కేవ్, అంటే పక్కలు పైకి లేచే వంపు, కొంచెం కొంచెం మారిపోతుంది, అందుకే అదే బ్రాండు అదే సైజు మళ్లీ కొన్నా కొన్నిసార్లు పాదానికి కొత్తగా ఉంటుంది.

ఇది తెలిశాక ఒక ఏడాది పాటు పూర్తిగా బ్లాంక్స్ వాడా, బొమ్మా పేరూ ఏమీ లేని డెక్స్. చవక కదా, చెక్క అదే కదా అని. ఆ ఏడాదిలో నాలుగు డెక్స్ పోయాయి, అందులో మూడు బ్రాండ్ డెక్స్ ఎన్నాళ్లు వస్తాయో అన్నాళ్లే వచ్చాయి, ఒకటి మాత్రం త్వరగా నీరసపడింది. కాబట్టి డబ్బు కలిసొచ్చింది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఏడాది చివర్లో ఒక రాత్రి నాకు బాగా ఇష్టమైన ఒక స్కేటర్ కొత్త పార్ట్, అంటే ఒక్క స్కేటర్ ట్రిక్కులతో చేసిన వీడియో, చూస్తున్నా, ఒక హ్యాండ్‌రెయిల్ మీద అతను ఎన్నిసార్లు పడ్డాడో చివర్లో అవి కూడా పెట్టారు, చూస్తుంటే తట్టింది, ఈ వీడియో తీసినవాడికి, ఈ ప్రయాణాలకి, ఈ మనిషి అద్దెకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? డెక్ మీద ఆ బొమ్మ అమ్ముడైతేనే వస్తుంది. స్కేటర్ పేరుతో వచ్చే ప్రో మోడల్ డెక్ అమ్మినప్పుడు ఆ స్కేటర్‌కి చిన్న వాటా వెళ్తుంది. నేను ఏడాదంతా వాళ్ల వీడియోలు చూసి నేర్చుకుని, ఆ డబ్బు మాత్రం ఎవరికీ ఏమీ తీయని వాడికి ఇచ్చా. అప్పట్నుంచి బ్లాంక్స్ మానేశా. చేతిలో డబ్బు లేనప్పుడు బ్లాంక్ కొనడం తప్పు అని మాత్రం అనను, బోర్డు లేకుండా ఇంట్లో కూర్చోవడం కంటే అది వంద రెట్లు మేలు.

వీల్స్, బేరింగ్స్ గురించి త్వరగా చెప్పేస్తా. వీల్స్ నునుపు నేల అయితే 99ఎ, 101ఎ (ఆ అంకె గట్టిదనం కొలత) గట్టివి, గరుకు రోడ్డు మీద తిరగడానికైతే 78ఎ లాంటి మెత్తవి. పవర్‌స్లైడ్ (బోర్డుని అడ్డం తిప్పి జారడం) నేర్చుకునే రోజుల్లో ఫ్లాట్‌స్పాట్ (వీల్ ఒకచోట చదునుగా అరగడం) పడటం మామూలే, టకటకమని శబ్దం వస్తుంది, మార్చుకోవడమే. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ యూరిథేన్ వీల్స్ తెచ్చేదాకా మట్టి వీల్స్ మీద తొక్కేవాళ్లు, చిన్న గులకరాయి తగిలితే బోర్డు ఆగి మనిషి ఎగిరి ముందు పడేవాడు, అది తల్చుకుంటే ఇప్పటి ఏ వీల్ అయినా బంగారమే. బేరింగ్స్ అన్నీ 608 సైజే, బేరింగ్ ఎంత కచ్చితంగా చేశారో చెప్పే ఏబెక్ నంబరు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, ఆ నంబరు వేల రౌండ్లు తిరిగే మెషీన్ల కోసం, మన బోర్డుకి శుభ్రం చేసి చుక్క ఆయిల్ వేయడం ముఖ్యం. తడిలో తొక్కకపోవడం ఇంకా ముఖ్యం, నీళ్లు తగిలితే బేరింగ్ తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బుతుంది, పాప్ పోయాక ఎండబెట్టినా తిరిగి రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, వీడియోలు. నేను మొదలుపెట్టేనాటికే క్లిప్స్ కాలం వచ్చేసింది, ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో 2013లో 15 సెకన్లతో మొదలైంది, బోర్డుని గాల్లో తిప్పే నా మొదటి కిక్‌ఫ్లిప్ కూడా అలాంటి క్లిప్స్ చూసే నేర్చుకున్నా. రోజుకి వంద ట్రిక్కులు కళ్ల ముందు నుంచి పోయేవి, ఒక్కటీ గుర్తుండేది కాదు. తర్వాత పాత వీడియోలు వెతికి వెతికి చూడటం మొదలైంది. 1991లో బ్లైండ్ అనే బోర్డు కంపెనీ వాళ్ల వీడియో డేస్ అనే వీడియో, తీసింది స్పైక్ జోన్జ్, అందులో గై మరియానో ఇంకా పిల్లాడు, తేలిగ్గా గాల్లో ఈదినట్టు తొక్కుతుంటాడు. అదే మనిషి 2007లో లకాయ్ అనే బూట్ల కంపెనీ వాళ్ల వీడియో ఫుల్లీ ఫ్లేర్డ్‌లో కనపడతాడు, 16 ఏళ్ల తర్వాత, మధ్యలో చాలాకాలం కనుమరుగై తిరిగొచ్చి, లెడ్జ్‌ల మీద అప్పటిదాకా ఎవరూ ఊహించని ట్రిక్కులతో. ఆ రెండూ ఒకే రాత్రి వెంటవెంటనే చూశా. ఒక మనిషి జీవితం అలా రెండు ముక్కలుగా ముందు పరిచినట్టు అయింది, కళ్లు చెమర్చాయి. 15 సెకన్ల క్లిప్ అంత పని చేయలేదు, ఎందుకంటే అందులో ముందూ వెనకా ఉండదు.

పార్ట్ చూస్తే నేర్చుకునేది కూడా వేరు. క్లిప్‌లో ట్రిక్ కనపడుతుంది, పార్ట్‌లో మనిషి కనపడతాడు, ట్రిక్‌కి ముందు ఎలా తోస్తాడు, పాదం ఎక్కడ పెట్టుకుంటాడు, దిగాక చేతులు ఎటు పోతాయి. నా బ్యాక్‌సైడ్ టెయిల్‌స్లైడ్ (తోకని గట్టు అంచు మీద జార్చే ట్రిక్) రెండేళ్లు రాలేదు, పాత వీఎక్స్1000 కెమెరాతో తీసిన పార్ట్స్ చూస్తూ భుజాలు ఎంత ముందు తిప్పుతున్నారో గమనించాక వచ్చింది. సోనీ 1995లో తెచ్చిన ఆ కెమెరా గురించి కూడా ఒక మాట, ఫిష్‌ఐ లెన్స్ పెట్టి నేలకి ఆనించినట్టు తీస్తే వీల్స్ శబ్దం, చెక్క కొట్టుకునే శబ్దం చెవిలోకి దూరుతాయి, ఎంత మంచి హెచ్‌డీ వచ్చినా కొంతమంది ఫిల్మర్లు ఇప్పటికీ దాన్నే రిపేర్లు చేయించుకుని వాడుతున్నారంటే ఊరికే కాదు.

మ్యాగజైన్లు చాలా పోయాయి. ట్రాన్స్‌వరల్డ్ ప్రింట్ 2019లో ఆగిపోయింది, నాకు అది ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. థ్రాషర్ నిలబడింది, 1990లో టోనీ హాక్‌తో మొదలుపెట్టిన స్కేటర్ ఆఫ్ ది ఇయర్ ఇప్పటికీ ఇస్తోంది, ఏడాది చివర్లో ఆ టైటిల్ కోసం పార్ట్స్ వరసగా దింపుతారు, నాకు సంవత్సరం మొత్తంలో ఇష్టమైన రోజులు అవే. కానీ ఒకరిద్దరి చేతుల్లోనే ఇంత బరువు ఉండటం నాకు నచ్చదు, చిన్న మ్యాగజైన్లు చిన్న వెబ్‌సైట్లు ఇంకా ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ వల్ల జరిగిన మంచి కూడా ఒప్పుకోవాలి. 1990ల్లో పెద్ద వీడియోల్లో అమ్మాయిలంటే ఎలిస్సా స్టీమర్ దాదాపు ఒంటరిగా కనిపించేది, ఇప్పుడు ఎవరి అనుమతీ లేకుండా ఎక్కడి అమ్మాయి అయినా తన క్లిప్ పెట్టి చూపించగలదు. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగినప్పుడు మహిళల స్ట్రీట్ పోటీ‌లో బంగారం గెలిచిన మోమిజి నిషియాకి 13 ఏళ్లు, వెండి గెలిచిన రైసా లియాల్‌కీ 13 ఏళ్లే. పారిస్‌లో 2024లో యూటో హోరిగోమె చివరి ట్రిక్‌తో వెనక నుంచి పైకొచ్చి రెండోసారి గెలిచినప్పుడు నేను కుర్చీలోంచి లేచి అరిచా. పోటీలంటే పడనివాళ్లు చాలామంది ఉన్నారు మనలో, నేను కాదు, కానీ ఆ పతకాలు చూసిన జనం ఎంతమంది డెక్ కొన్నారు అంటే నాకు సందేహమే.

బూట్ల దగ్గర కథ మారిపోతుంది, పెద్ద డబ్బు అక్కడే ఉంది. నాకు స్వెడ్ ఉన్న జత రెండు మూడు నెలలు వస్తుంది, ఆలీ (బోర్డుతో పాటు ఎగరడం) చేసే చోట ముందు కుట్లు తెగుతాయి, తర్వాత చిల్లు, కుట్ల మీద మొదటి రోజే షూ గూ అనే జిగురు రాస్తే ఇంకో మూడు వారాలు కలిసొస్తాయి. పలచటి వల్కనైజ్డ్ సోల్‌లో బోర్డు బాగా తెలుస్తుంది కానీ మెట్ల మీంచి దూకితే మడమ నొప్పి, నాకు వయసు పెరిగాక మందంగా ఉండే కప్‌సోల్‌కి మారా. లకాయ్ లాంటివి స్కేటర్లే పెట్టుకున్న కంపెనీలు, నైకీ ఎస్‌బీ 2002లో వచ్చాక పెద్ద స్పోర్ట్స్ కంపెనీలు ఒక్కొక్కటిగా దిగాయి. స్కేటర్లకి నెలజీతాలు, బీమా, ప్రయాణాలు, ఇవన్నీ వాటివల్ల పెరిగాయి, నేను కాదనను. అయితే అంత పెద్ద కంపెనీకి స్కేటింగ్ ఒక మూల అరలాంటిది, లెక్క కుదరకపోతే తీసేస్తుంది. సుప్రీమ్‌ని చూడండి, 1994లో న్యూయార్క్‌లో స్కేట్ షాపుగా మొదలై, 2020లో 210 కోట్ల డాలర్లకి ఒక పెద్ద సంస్థ కొని, 2024లో అదే సంస్థ 150 కోట్లకి కళ్లద్దాల కంపెనీకి అమ్మేసింది. అక్కడి టీమ్‌లో ఉన్న పిల్లల సంగతి ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

2020 అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇళ్లలో చిక్కుకున్న జనం ఒక్కసారిగా బోర్డుల మీద పడ్డారు, నాకు నెలల తరబడి 8.25 దొరకలేదు, ఆ హడావిడిలో వచ్చిన ఒక డెక్ రెండు వారాల్లోనే పొరలు ఊడిపోయింది, సరిగ్గా ఆరని చెక్క అని పట్టుకుంటేనే తెలిసిపోయింది. కంపెనీలు ఆ ఊపు చూసి గోడౌన్లు నింపుకున్నాయి, ఊపు తగ్గింది, సరుకు మిగిలింది, డిస్కౌంట్లే డిస్కౌంట్లు, ఆ డిస్కౌంట్ల కింద చిన్న షాపులు నలిగిపోయాయి. సగం ధరకి ఆన్‌లైన్‌లో దొరుకుతుంటే ఎవరికైనా అదే ముద్దు, నేనూ కొన్నా. ఇప్పుడు మాత్రం స్కేటర్లు నడిపే షాపు కనపడితే డెక్ మీద అంటించే గరుకు గ్రిప్ టేప్ అయినా అక్కడే కొంటా, ఎందుకంటే వీడియో ప్రీమియర్ పెట్టేది వాళ్లే, మొదటి బోర్డు బిగించి ఇచ్చేదీ వాళ్లే, పిల్లాడికి పాత వీల్స్ ఊరికే ఇచ్చేదీ వాళ్లే.

కొత్తగా కొనేవాళ్లు అడిగితే నేను చెప్పేది, ట్రక్స్ మీద రాజీపడకండి, బేరింగ్స్ మామూలువి చాలు, డెక్ మాత్రం గత ఏడాదిలో మీరు చూసిన ఏదో ఒక పార్ట్ తీసిన కంపెనీది కొనండి. నేను ఈసారి అలాగే కొన్నా. కొత్త డెక్ మీద పేరున్న స్కేటర్ పార్ట్ పోయిన నెల వచ్చింది, ఐదు నిమిషాలు కూడా లేదు, తీయడానికి మాత్రం రెండేళ్లు పట్టిందట. గ్రిప్ అంచులు ఫైల్‌తో రుద్ది కోసి, స్క్రూడ్రైవర్‌తో బోల్టుల చిల్లులు పొడిచి, ట్రక్స్ బిగించి, తోక మీద ఒక్కసారి గట్టిగా కొట్టా. పాప్ బాగుంది. రేపు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే వెళ్లాలి, పాత డెక్‌ని విరగ్గొట్టిన ఆ లెడ్జ్ దగ్గరికే.