ఎదురుచూసిన పెళ్లి ఘట్టం: తంతంతా రాయాలా, పక్కవాళ్ల చేత చెప్పించాలా?

నాలుగైదు పుస్తకాలుగా పాఠకులు కాచుకుని ఉన్న జంటకు పెళ్లి చేయాల్సి వచ్చినప్పుడు సీరీస్ రచయిత ముందు నాలుగు దారులుంటాయి. తంతు మొత్తం రాయడం, ఒక్క వాక్యంలో దాటేయడం, వేరే పాత్రల నోట చెప్పించడం, మధ్యలో అడ్డంకి పెట్టడం. ఏది ఎంచుకోవాలన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: వీళ్లిద్దరి మధ్య ఇంకా చెప్పుకోని మాట ఏమైనా మిగిలిందా? మిగిలి ఉంటే పెళ్లి కథలో భాగం. మిగలకపోతే అది వేడుక మాత్రమే. వేడుకను ఎంత అందంగా రాసినా రెండు పేజీలు దాటాక పాఠకుడు ముందుకు తిప్పేస్తాడు.

తంతు మొత్తం రాయడం

చెప్పని మాట మిగిలినప్పుడు ఇదే మేలు. కథ ఇద్దరిలో ఒకరి మనసులోంచి నడవాలి, ఆ మాట తంతు మధ్యలోనే బయటపడాలి. రెండున్నర వేల నుంచి నాలుగు వేల పదాలు చాలు. పొద్దున లేవడం, ముస్తాబు, వీధి వర్ణన అక్కర్లేదు. తంతుకు పది నిమిషాల ముందు మొదలుపెట్టండి.

ఇక్కడ ఎక్కువ మంది బోల్తా పడేది అతిథుల దగ్గర. మొదటి పుస్తకం నుంచి వచ్చిన ప్రతి పాత్రకూ ఒక డైలాగు ఇవ్వాలనిపిస్తుంది. పదిహేను మంది తలా రెండు మాటలు మాట్లాడేసరికి సీను హాజరు పట్టీ అయిపోతుంది, అసలు జంట ఎక్కడుందో కనపడదు. ముగ్గురికి మాటలివ్వండి. మరో అయిదారుగురికి తలా ఒక పని ఇవ్వండి: ఒకడు ఆలస్యంగా వస్తాడు, ఒకావిడ ఎవరినో తప్పించుకుని వెనక కూర్చుంటుంది. మిగతావాళ్లు గుంపులో ఉంటారు. చనిపోయిన పాత్రను గుర్తు చేయడానికి ఖాళీ కుర్చీ చూపించడం అరిగిపోయిన పద్ధతి. ఆ మనిషి ఊతపదం ఇంకొకరి నోట అనుకోకుండా దొర్లితే, ఎవరూ ఏమీ అనకపోయినా పాఠకుడికి తగులుతుంది.

ఇక ప్రమాణాలు. నాలుగు పుస్తకాలు దెప్పుకుంటూ వచ్చిన జంట ఒక్కసారిగా గ్రీటింగ్ కార్డులా మాట్లాడితే నమ్మేవాళ్లుండరు. పేర్లు తీసేసి చదివి చూడండి. అవే మాటలు వేరే ఏ జంటకైనా అతికితే కొట్టేయండి. ఒక్కొక్కరికి రెండు మూడు వాక్యాలు సరిపోతాయి. అందులో ఒకటి పాత పుస్తకంలోని ఒక నిర్దిష్ట సంఘటనను తాకాలి. అలాంటి పాత ప్రస్తావనలు సీను మొత్తంలో మూడుకు మించితే రచయిత కన్ను గీటుతున్నట్టుంటుంది.

ఒక్క వాక్యంలో దాటేయడం

1813లో జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో చేసింది ఇదే. ఇద్దరు కూతుళ్ల పెళ్లి రోజు చివరి అధ్యాయం మొదటి వాక్యంలో, అదీ తల్లి సంబరంగా, వచ్చి వెళ్లిపోతుంది. జంట తేల్చుకోవాల్సిందంతా ముందే తేలిపోయింది కాబట్టి లోటు అనిపించదు. కానీ అది ఒకే నవల. ఏళ్ల తరబడి సంపుటి తర్వాత సంపుటి కొన్న పాఠకుడికి ఇదే చేస్తే బాకీ ఎగ్గొట్టినట్టుంటుంది. దాటేయక తప్పదనుకుంటే పెళ్లికి ముందు రాత్రినో మర్నాటినో అంతే బరువున్న సీనుగా రాయాలి.

పక్కవాళ్ల చేత చెప్పించడం

ఇంగ్లిష్ రచయిత్రి డొరతీ సేయర్స్ డిటెక్టివ్ నవలల్లోని జంట పీటర్ విమ్సీ, హారియట్ వేన్ 1930 నాటి నవలలో ఎదురుపడతారు. 1935 నాటి 'గాడీ నైట్' చివర్లో ఆమె పెళ్లికి ఒప్పుకుంటుంది. 1937లో వచ్చిన 'బస్‌మన్స్ హనీమూన్' మొదట్లో పెళ్లి విశేషాలు ఉత్తరాల్లో, పెళ్లికొడుకు తల్లి డైరీలో తెలుస్తాయి. ఇది ఎందుకు పండిందంటే, అంతకుముందు నవల దాదాపు అంతా హారియట్ మనసులోనే నడిచింది. లోపలి సంగతి తేలిపోయాక మిగిలే సరదా బయటివాళ్ల గుసగుసల్లోనే ఉంటుంది. ఆ ఉత్తరాల్లో ఒకటి ఈ సంబంధం గిట్టని వదినగారిది కావడం మంచి ఎత్తు.

ఈ పద్ధతిలో మూడు నుంచి అయిదు గొంతులు, ఒక్కొక్కటి 200 నుంచి 400 పదాలు పెట్టుకోండి. ప్రతి గొంతుకూ మిగతావాళ్లకు తెలియని ఒక్క సంగతైనా ఉండాలి, ఒకరైనా కిట్టనివారు ఉండాలి. అందరూ ఒకే రకంగా మురిసిపోతే రచయిత తనను తాను మెచ్చుకున్నట్టే. గొంతులు వేరువేరుగా వినిపించకపోతే మాత్రం ఈ దారి వదిలేయండి, అతుకు వెంటనే తెలిసిపోతుంది.

మధ్యలో అడ్డంకి

నాలుగింటిలో ఎక్కువగా ఎంచుకునేదీ, ఎక్కువగా చెడేదీ ఇదే. తంతు మధ్యలో ప్రతినాయకుడు దిగితే, ఇన్నాళ్లు ఆగిన పాఠకుడికి కోపం వచ్చేది అతని మీద కాదు, రచయిత మీద. అడ్డంకి సీరీస్ మూలకథలోంచే పుట్టాలి, పెళ్లి అదే పుస్తకంలో పూర్తవాలి. వీలైతే ప్రమాణాలు అయ్యాకే తలుపు విరగ్గొట్టించండి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎంపికే. సేయర్స్ లాగే, 'ఆన్' నవలలు రాసిన కెనడా రచయిత్రి మాంట్‌గొమరీ కూడా ఆన్, గిల్బర్ట్‌ల మాట కలవడాన్ని 1915 నాటి పుస్తకం చివర పెట్టి, పెళ్లిని 1917 నాటి 'ఆన్స్ హౌస్ ఆఫ్ డ్రీమ్స్' నాలుగో అధ్యాయంలోనే ముగించింది. ఒప్పుకోలు ఒక పుస్తకం చివర, పెళ్లి మరో పుస్తకం మొదట: ఇలా విడదీస్తే పెళ్లి సీను ముగింపు బరువు మోయనక్కర్లేదు.

నా ఓటు చాలా సీరీస్‌లకు ఒక మిశ్రమానికి. ముందటి హడావిడి రెండు మూడు పక్క గొంతుల్లో చెప్పించి, ప్రమాణాల ఘడియ ఒక్కటి 500 పదాల్లో జంటలో ఒకరి మనసులోంచి చూపించి బయటికి వచ్చేయడం. గొంతు మారేచోట అధ్యాయం మార్చండి, పేరా మార్చితే చాలదు.

ఏ దారైనా రాయబోయే ముందు వాళ్లిద్దరూ కలిసి ఉన్న సీన్లు మాత్రం వరసగా చదివి ఒక కాగితం మీద ఎక్కించుకోండి: ఎప్పటినుంచి మీరు నువ్వయింది, ఎవరికి ఏ చేతి మీద మచ్చ, ఎవరు ఏం చేయనని ఒట్టు పెట్టుకున్నారు, ఎవరు చనిపోయారు, ఎవరికి ఎవరితో మాటల్లేవు. మూడో పుస్తకంలో పోయిన బాబాయి అతిథుల్లో కనిపిస్తే పాఠకులు ఆ సీనులో ఇంకేదీ గుర్తుపెట్టుకోరు.

పెళ్లిని విడి కథగా వేయాలనుకుంటే అందులో కొత్త మలుపు ఏదీ పెట్టకండి. అది చదవనివాళ్ల కోసం తర్వాతి నవల మొదటి అధ్యాయంలో పెళ్లయిందని తెలిసే ఒక వాక్యం ఉండేలా చూసుకోండి.