పదేళ్లు, 1,38,000 కిలోమీటర్లు: నా డీజిల్ కారు, తొక్కితే వచ్చిన నాలుగు శబ్దాలు

2015లో కొన్న 1.3 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్ నాది. ఉండేది విజయవాడ. మైలేజీ మీద, ఏసీ మీద నాకే ఫిర్యాదూ లేదు. హైదరాబాద్ రోడ్డెక్కితే ఇప్పటికీ లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుంది. నేను రాయాలనుకున్నది శబ్దాల గురించి. ఈ పదేళ్లలో యాక్సిలరేటర్ తొక్కితే మోత రావడం నాలుగుసార్లు జరిగింది, నాలుగుసార్లూ కారణం వేరు. ఒకసారైతే బాగున్న టర్బోని (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసే భాగం) తీయించేసేవాణ్ణి.

అదే ముందు చెప్తాను. 2022 కార్తీకమాసంలో శ్రీశైలం వెళ్తున్నాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుండగా, మూడో గేరులో తొక్కినప్పుడల్లా బానెట్ కింద నుంచి పాము బుసకొట్టినట్టు పెద్ద శబ్దం. కాలు తీస్తే ఆగిపోతుంది. బండి లాగడం లేదు, అద్దంలో చూస్తే వెనక నల్లపొగ. "ఆపరా, ఏదో కాలుతున్నట్టుంది" అని అమ్మ కంగారు. నాకూ టెన్షనే. పక్కకి ఆపి చూస్తే వేడి ముల్లు మామూలుగానే ఉంది, ఆయిల్ లైటు వెలగలేదు. రెండో గేరులో మెల్లగా పైకి చేరాం.

ఇంటికొచ్చాక ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. నిలబెట్టి, న్యూట్రల్‌లో రెండుసార్లు రేస్ ఇచ్చి, "టర్బో పోయింది సార్" అన్నారు. 46,000 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అక్కడ రేస్ ఇచ్చినప్పుడు ఆ బుస రానే లేదు. రాని శబ్దానికి ఏ భాగం మారుస్తారని నాకు అనుమానం వచ్చి బండి తిరిగి తెచ్చేశాను.

ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఉన్నాడు. విషయం వినగానే, "నిలబెట్టి రేస్ ఇస్తే టర్బోకి పనేముంటది అన్నా, రోడ్డు మీదికి పద" అన్నాడు. నిజమే. ఇంజిన్ మీద బరువు పడితేనే టర్బో గాలిని గట్టిగా తోస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో తొక్కమన్నాడు, బుస వచ్చింది. "టర్బో పోతే సైరన్ లాగా కేకేస్తది, నీలిపొగ వస్తది. ఇది గాలి కారడం" అన్నాడు. షెడ్డుకి వచ్చి ఇంజిన్ చల్లారాక, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు హోస్ అడుగున చెయ్యి పెట్టి తడిమితే వేళ్లకి నల్లటి నూనె అంటింది. హోస్ విప్పి, ఒక చివర మూసి, కంప్రెసర్ గాలి కొద్దిగా వదిలి సబ్బునీళ్లు పోశాడు. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే! క్లాంపు పక్కన రెండంగుళాల చీలిక దగ్గర బుడగలు లేచాయి. వచ్చే గాలిని ముందున్న సెన్సర్ కొలిచి, దానికి తగ్గట్టు డీజిల్ వెళ్తుంది. కొలిచిన గాలి దారిలో కారిపోతే డీజిల్ ఎక్కువై నల్లపొగ వస్తుంది. హోస్‌కి, కూలికి కలిపి 2,500 అయింది.

మిగతా మూడూ ఇంత కష్టపెట్టలేదు. 60 దాటితే గుయ్యిమనే మోత వచ్చినప్పుడు టైర్లనుకున్నాను, మార్పించినా తగ్గలేదు. వేగం మీద న్యూట్రల్ చేసినా మోత అలాగే ఉంది, అంటే ఇంజిన్‌ది కాదు. కుడి వంపులో పెరిగి, ఎడమ వంపులో తగ్గేది. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి ఎడమ బేరింగ్ అని తేలింది. టైర్ల డబ్బు తొందరపడి పెట్టానని ఇప్పటికీ బాధే.

సుమారు 2,000 ఆర్‌పీఎం దగ్గర రేకు డబ్బా ఊపినట్టు గలగల వచ్చింది ఇంకోసారి. సైలెన్సర్ గొట్టం మీది వేడి రేకు బోల్టు తుప్పు పట్టి ఊడింది. స్టీలు క్లాంపు బిగిస్తే సరిపోయింది. ఇది మాత్రం నిలబెట్టి రేస్ ఇచ్చినా వచ్చేది.

నాలుగోది, మొదటి గేరులో క్లచ్ వదలగానే ధన్‌మని ఒక్క దెబ్బ. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చిరిగింది. బానెట్ తెరిచి, ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి క్లచ్ కొద్దిగా వదలమంటే ఇంజిన్ ఒక పక్కకి ఎగిరిపడటం కనిపిస్తుంది. మీరు మాత్రం బండి ముందు నిలబడొద్దు, పక్కన ఉండండి.

నాకు రాలేదు కానీ మా తమ్ముడి కారుకి వచ్చింది: యూటర్న్ తిప్పుతూ తొక్కితే టిక్‌టిక్‌టిక్. ఇంజిన్ శక్తిని ముందు చక్రానికి అందించే యాక్సిల్ జాయింట్ మీది రబ్బరు బూటు (తొడుగు) చినిగి, గ్రీజంతా పోయి, దుమ్ము చేరింది. బూటు చినిగినప్పుడే చూసుకుంటే జాయింట్ దక్కుతుంది. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిన మరక ఉందేమో టైర్లలో గాలి కొట్టించేటప్పుడు ఒక్కసారి చూడండి.

ఒక్క శబ్దాన్ని మాత్రం వాయిదా వేయకండి. తొక్కినప్పుడు ఫట్‌ఫట్‌మని పేలినట్టు వినబడుతూ లోపల పొగ వాసన వస్తుంటే, ఎగ్జాస్ట్ ఎక్కడో కారుతోంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. పిల్లలతో ఏసీ వేసుకుని అద్దాలు మూసుకుని తిరిగే బండి అది. ఆ రోజే షెడ్డుకి తీసుకెళ్లండి. ఇంకోమాట, చూద్దామని జాకీ మీద లేపిన బండి కిందికి దూరకండి.

ఏ మేస్త్రి దగ్గరికి వెళ్లినా నేనిప్పుడు ముందే రాసుకుని వెళ్తున్నాను: నిలబెట్టినా వస్తోందా, నడిచేటప్పుడే వస్తోందా, కాలు తీస్తే ఆగుతోందా, క్లచ్ నొక్కితే మారుతోందా, ఏ గేరు, ఎంత వేగం. తర్వాత ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి వినిపిస్తాను. విననివాళ్ల చేత భాగం మార్పించను.

ఈ కారు అమ్మేయమని ఇంట్లో రెండుసార్లు అన్నారు. నేను అమ్మలేదు. గేర్‌బాక్స్ ఇంతవరకు విప్పలేదు, టర్బో కంపెనీ నుంచి వచ్చిందే. మొన్న మళ్లీ దోర్నాల ఘాట్ ఎక్కాం. మూడో గేరులో తొక్కి, అద్దం దించి విన్నాను. టర్బో సన్నటి ఈల, టైర్ల చప్పుడు, అంతే.