పాత అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్: నాలుగు వేసవులు వాడాక

మాది 1974 అంబాసిడర్, మార్క్ 2. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. నాన్న కొన్న బండి, పన్నెండేళ్లుగా నేనే నడుపుతున్నాను. విజయవాడలో ఉంటూ మే నెలలో దీన్ని బయటికి తీయాలంటే ఒకప్పుడు గుండె దడే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బెంజి సర్కిల్ దగ్గర రెండు సిగ్నళ్లు వరసగా పడ్డాయంటే, డాష్‌బోర్డు కింద విడిగా పెట్టించుకున్న టెంపరేచర్ మీటర్‌లో ముల్లు 100 వైపు పాకేది. అయిదు లీటర్ల నీళ్ల డబ్బా, రేడియేటర్ మూత తిప్పడానికి తడి గోనెపట్టా డిక్కీలో లేకుండా నాన్న ఎప్పుడూ గడప దాటేవారు కాదు.

నాలుగేళ్ల కిందట రేడియేటర్ బాగుచేయించి, ఇంజన్ తిప్పే ఇనప ఫ్యాన్ తీసేసి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాను. అప్పటి నుంచి సుమారు 21,000 కిలోమీటర్లు తిరిగాను. ఒక్కసారి కూడా నీళ్లు మరిగి పొంగలేదు. అయితే ఆ పేరంతా ఫ్యాన్‌కి కట్టబెట్టను. ఎందుకో చెప్తాను.

ఆటోనగర్‌లో నేను చూపించే మేస్త్రి పెద్దాయన. ఫ్యాన్ పెట్టమని వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట: "వేడి ఎక్కడెక్కుతోంది బాబూ? ట్రాఫిక్‌లోనా, హైవే మీదా?" రెండు చోట్లా అన్నాను. "అయితే ముందు రేడియేటర్ విప్పుదాం. ఫ్యాన్ సంగతి తర్వాత."

ఆయన అడిగిన దాంట్లోనే అసలు విషయం ఉంది. పాత ఫ్యాన్ వాటర్ పంపు పుల్లీ మీదే ఉంటుంది, ఇంజన్ ఎంత తిరిగితే అదీ అంతే తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదిగా కొట్టుకుంటుంటే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. గాలి బాగా కావాల్సిన సమయంలోనే గాలి ఉండదన్నమాట. గంటకు 60 కిలోమీటర్లు దాటాక ఎదురుగాలే సరిపోతుంది, అప్పుడు మాత్రం ఆ ఫ్యాన్ ఇంజన్ బలాన్ని తింటూ ఊరికే తిరుగుతుంది. కాబట్టి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కే బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ మంచి మందు. హైవే మీద కూడా వేడెక్కుతోందంటే జబ్బు వేరే: రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే కవాటం) తెరుచుకోకపోవచ్చు, ప్లగ్గులో నిప్పురవ్వ పడే టైమింగ్ తప్పి ఉండొచ్చు. వాటిని వదిలేసి ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగ.

మా రేడియేటర్ పై ట్యాంకు టంకం కరిగించి ఊడదీసినప్పుడు పక్కనే నిలబడ్డాను. మేస్త్రి కొబ్బరి ఈనెను చదునుగా చెక్కి ట్యూబుల్లోకి ఒక్కొక్కటిగా దింపారు. సగానికి పైగా ట్యూబుల్లో అంగుళం దిగి ఆగిపోయింది. ఈనె బయటికి తీస్తే కొసన తెల్లగా సున్నంలాంటి పొడి, దానికి అంటుకుని ఎర్రటి తుప్పు. ఏళ్ల తరబడి మేం పోసిన బోరు నీళ్లే అది. పొంగుతోంది కదా అని నీళ్లు పోసిన ప్రతిసారీ ఇంకాస్త పూడ్చుకుంటూ వచ్చామని అప్పుడు తెలిసింది. చాలా బాధేసింది.

పాత ట్యాంకులు ఉంచి, మధ్యలో కొత్తగా మూడు వరసల కోర్ (నీళ్లు పారే ట్యూబులుండే భాగం) వేయించాను. అల్యూమినియంది తేలిగ్గా ఉంటుందని కొందరు సలహా ఇచ్చారు. నేను మాత్రం రాగి, ఇత్తడిలోనే ఉండిపోయాను. దారిలో చిన్న లీకు వస్తే ఏ ఊళ్లోనైనా టంకం వేసే మనిషి దొరుకుతాడు. ఇప్పుడు పోసేది కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. మూత కూడా మార్చాను, 7 పౌండ్ల ఒత్తిడి దాకా పట్టి ఉంచేది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు సైతం 111 డిగ్రీల దాకా మరగవు. పాత మూత రబ్బరు ఎండి పగిలిపోయి ఉంది. సగం పొంగులు దాని వల్లే అయి ఉంటాయి.

ఫ్యాన్ మారుతి 800ది. ఎక్కడైనా దొరుకుతుంది, చవక. రేడియేటర్‌కి ఇంజన్ వైపున బిగించి గాలిని లోపలికి లాగేట్టు పెట్టారు. ముందు వైపు పెట్టి తోసేలా చేయొచ్చు గానీ, ఎదురుగాలికి ఫ్యాన్ మోటారే కొంత అడ్డం. ఫ్యాన్ చుట్టూ రేకుతో తొట్టి కట్టించండి, ఇది మానొద్దు. తొట్టి లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి మేర మాత్రమే చల్లబడుతుంది, మూలలు అలాగే ఉంటాయి. ప్లాస్టిక్ ట్యాగులు కోర్‌లోంచి దూర్చి ఫ్యాన్ కట్టేయడం చాలా బళ్లలో చూశాను. ఆ అదురుకి ట్యూబులు అరిగి కారతాయి, దయచేసి అలా చేయించకండి.

ఇక అందరూ పట్టించుకోకుండా దెబ్బ తినేది కరెంటు దగ్గర. మా బండికి డైనమో (ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించేది) ఉండేది. 22 ఆంపియర్లు, అదీ ఇంజన్ బాగా తిరిగినప్పుడు. సిగ్నల్ దగ్గర అది ఇచ్చేది దాదాపు సున్నా. ఫ్యాన్ తినేది 9 ఆంపియర్లు. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఫ్యాన్ కలిస్తే బ్యాటరీ ఖాళీ. అందుకే ఇంజన్ నెమ్మదిగా తిరిగినా కరెంటు ఇచ్చే 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ దాని బదులు వేయించాను. పాత బళ్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. అది చూడకుండా ఆల్టర్నేటర్ కలిపితే దాని లోపలి డయోడ్లు కాలిపోతాయి. ఫ్యాన్ వైర్లు తిరగబడితే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. పైకి బాగానే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి కాగితం ముక్క అడ్డం పెట్టి చూడాలి. గ్రిల్ వైపు కాగితం కోర్‌కి అతుక్కుంటే సరిగ్గా ఉన్నట్టు.

మొత్తం ఖర్చు 18,650 రూపాయలు. అందులో 12,300 కోర్‌కీ ఆల్టర్నేటర్‌కే పోయాయి. ఫ్యాన్ 1,800 మాత్రమే.

మొదటి రోజు రాత్రే ఫ్యాన్ తిరగలేదు. వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్, ఆఫ్ చేసే థర్మో స్విచ్‌ని రేడియేటర్ పై గొట్టం మధ్యలో అల్యూమినియం ముక్క పెట్టి దానికి బిగించాం. 92 డిగ్రీలకి ఆన్, 87కి ఆఫ్. థర్మోస్టాట్ 82ది కాబట్టి లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ ముక్కకి రెండు వైపులా రబ్బరు గొట్టమే, ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క వైరు బాడీకి కలిపేసరికి ఫ్యాన్ గుర్రుమంది. రెండు పిన్నుల స్విచ్ తీసుకుంటే ఈ తంటా ఉండదు.

రెండో ఏడాది శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్‌లో ముల్లు 100 దాటింది. ఫ్యాన్ చప్పుడు లేదు. పక్కకి ఆపి బానెట్ ఎత్తితే రిలే (థర్మో స్విచ్ చెప్తే ఫ్యాన్‌కి కరెంటు వదిలే డబ్బీ) ప్లాస్టిక్ ఒక వైపు మైనంలా కరిగి ఉంది. పేరు లేని చవక రిలే అది, నేనే కొన్నాను. రిలే పీకేసి, కరెంటు వచ్చే 30 పిన్ను, ఫ్యాన్‌కి వెళ్లే 87 పిన్ను వైర్లు రెండూ చిన్న వైరు ముక్కతో నేరుగా కలిపాను, మధ్యలో ఫ్యూజు ఎలాగూ ఉంది. ఫ్యాన్ తిరిగింది. వెనక సీట్లో అమ్మ "దిగమంటావా నాన్నా?" అని అడుగుతోంది, నా చేతులేమో వణుకుతున్నాయి. అయిదు నిమిషాల్లో ముల్లు 90కి దిగింది. దర్శనం చేసుకుని ఇంటికొచ్చాం. ఇప్పుడు మంచి కంపెనీ రిలే, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, డాష్‌బోర్డు కింద చేత్తో వేసుకునే స్విచ్ ఒకటి, దానికో చిన్న బల్బు. ఫ్యాన్ తిరుగుతుంటే బల్బు వెలుగుతుంది. ఆ బల్బు ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

మూడో వేసవికి మోటారు కీచుమనడం మొదలెట్టింది, మార్చేశాను. మైలేజి లీటరుకి తొమ్మిదిన్నర నుంచి పది దాకా వచ్చింది గానీ, అదే సమయంలో కార్బ్యురేటర్ కూడా సర్వీసు చేయించాను కాబట్టి ఫ్యాన్ వల్లేనని చెప్పలేను. ఇంజన్ చప్పుడు మాత్రం తేడా స్పష్టం. హైవే మీద ఆ పాత హోరు లేదు.

ఒక్క ఇబ్బంది మిగిలే ఉంది. ఇనప ఫ్యాన్ ఉన్నప్పుడు కార్బ్యురేటర్ మీదికి ఎప్పుడూ కొంత గాలి వచ్చేది. ఇప్పుడు ఫ్యాన్ ఆగి ఉన్నంతసేపూ బానెట్ కింద వేడి నిలిచిపోతోంది. మిట్టమధ్యాహ్నం పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్రోల్ ఆవిరై రెండు మూడు సార్లు మొరాయిస్తుంది. పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా జరిపించాను, సగం తగ్గింది. ఈ ఎండలు ముదిరేలోపు కార్బ్యురేటర్ కింద రేకు అడ్డం పెట్టించాలి, మేస్త్రి కొలతలు తీసుకున్నారు.