ఎల్‌ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ: చిన్న వ్యాపారికి ఎంతవరకు లాభం?

ఉద్యోగి మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇవ్వాల్సిన మొత్తమే గ్రాట్యుటీ. దాని కోసం ఏటా లెక్కల పుస్తకంలో ‘గ్రాట్యుటీ కేటాయింపు’ అని ఒక అంకె రాసి ఊరుకుంటే పన్ను పైసా తగ్గదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 40ఏ(7) సెక్షన్ ఆ కేటాయింపును ఖర్చుగా ఒప్పుకోదు. అది ఒప్పుకునేవి రెండే: ఆ ఏడాది నిజంగా చెల్లించాల్సి వచ్చిన గ్రాట్యుటీ, ఆమోదం పొందిన గ్రాట్యుటీ నిధికి కట్టే సొమ్ము. ఈ రెండో దారికి మనవైపు ముందుగా వినిపించే పేరు ఎల్‌ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ, అంటే ఉద్యోగులందరి గ్రాట్యుటీ కోసం ఏటా ఎల్‌ఐసీకి సొమ్ము కట్టే పాలసీ. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు వేరు. మీ ఆడిటర్‌ని అడిగి సరిచూసుకోండి.)

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట గ్రాట్యుటీ తప్పదు. బేసిక్, డీఏ కలిపి 18,200 ఉన్న పనివారికి ఏడాది సర్వీసుకు 18,200 × 15 ÷ 26, అంటే 10,500. పదేళ్లకు 1,05,000. అలాంటి సీనియర్లు ముగ్గురు ఒకే ఏడాది మానేస్తే ఏ వర్క్‌షాపుకైనా చేతిలో నగదు ఆడదు. ఈ పథకం ఆ భారాన్ని ఏటా కొంతగా పంచుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రాట్యుటీ బీమాను తప్పనిసరి చేస్తూ 2011లోనే నియమాలు వచ్చాయి. ఆ సంగతి తెలియని యజమానులు ఇప్పటికీ ఉన్నారు.

పన్ను లాభం గట్టిదే. భాగస్వామ్య సంస్థ 3 లక్షలు కడితే, సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున 93,600 పన్ను మిగులుతుంది. ఏటా కట్టే సొమ్ముకు జీతంలో 8.33 శాతం పరిమితి. గత సర్వీసు కోసం కట్టే తొలి మొత్తానికీ, ఒక్కో ఏడాదికి అదే లెక్క. రిటర్ను గడువులోపు డబ్బు నిజంగా కట్టి ఉండాలి. 44ఏడీ సెక్షన్ కింద అంచనా లాభం చూపేవారికి మాత్రం ఇందులో విడిగా మినహాయింపు రాదు. యజమాని, భాగస్వాములు ఉద్యోగులు కారు కాబట్టి వాళ్ల పేర్లు జాబితాలో పెట్టకూడదు.

అసలు చిక్కు ఆమోదం దగ్గరే వస్తుంది. పాలసీ తీసుకున్నంత మాత్రాన నిధికి ఆమోదం వచ్చినట్టు కాదు. ముందు రద్దు చేయడానికి వీల్లేని ట్రస్టు పెట్టాలి. తర్వాత ట్రస్టు డీడు, నియమావళి జతచేసి, అసెసింగ్ అధికారి ద్వారా ఆదాయపు పన్ను కమిషనర్‌కు దరఖాస్తు చేయాలి. డీడు నమూనా ఎల్‌ఐసీ ఇస్తుంది, దరఖాస్తు వెంట తిరగాల్సింది మాత్రం మీరే. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. చెక్కు ఇచ్చి, రసీదు ఫైల్లో పెట్టుకుని, ఆమోదపత్రం సంగతి మరిచిపోతారు. నాలుగేళ్ల తర్వాత స్క్రూటినీలో (పన్ను శాఖ తనిఖీలో) అధికారి మొదట అడిగేది ఆ కాగితమే. అది లేకపోతే కట్టిన సొమ్మంతా లాభంలో తిరిగి కలిపేస్తారు. ఏ తేదీ నుంచి ఆమోదం ఇచ్చారో కూడా చదవండి, ఆ తేదీకి ముందు కట్టిన సొమ్ము వివాదంలో పడుతుంది.

మాకు ఈ పథకంలో బాగా నచ్చింది జీవిత బీమా భాగం. ఉద్యోగి చనిపోతే ఐదేళ్ల సర్వీసు నిబంధన వర్తించదు, గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. మిగిలిన సర్వీసుకు కూడా కవరు తీసుకుంటే, రిటైరయ్యేదాకా పనిచేసి ఉంటే వచ్చే మొత్తం ఆ కుటుంబానికి అందుతుంది. దీనికి ప్రీమియం వేరు. నిధికి కట్టే సొమ్ములో అది కలిసి ఉండదు కాబట్టి కొటేషన్‌లో రెండు అంకెలూ విడివిడిగా రాయించుకోండి. మా లెక్కలో ఈ ప్రీమియం దగ్గర పొదుపు చేయకూడదు.

లోపాలూ ఉన్నాయి. వ్యాపారం ఎంత ఇబ్బందుల్లో ఉన్నా నిధిలోని డబ్బు యజమాని వెనక్కి తీసుకోలేడు. నిధిపై వచ్చే వడ్డీ ఏటా మారుతుంది. గ్రాట్యుటీని 30 రోజుల్లో చెల్లించాల్సిన బాధ్యత మీదే. క్లెయిము ఆలస్యమైతే ఆ ఆలస్యానికి కట్టాల్సిన వడ్డీ కూడా మీ నెత్తినే పడుతుంది. అందుకే ఉద్యోగి రాజీనామా ఇచ్చిన రోజే క్లెయిము ఫారం పంపాలి.

ఏటా రెన్యువల్‌కు పంపే ఉద్యోగుల జాబితాలో చేరిన తేదీ, పుట్టిన తేదీ, తాజా బేసిక్ పీఎఫ్ రికార్డుతో సరిపోవాలి. పాత జీతాలే పంపితే నిధి తక్కువగా పోగవుతుంది, తేడా చివర్లో మీ జేబులోంచి పోతుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్లలో వేతనం నిర్వచనం మారింది. మొత్తం జీతంలో అలవెన్సులు సగం దాటితే, దాటినంత వేతనంలో కలుస్తుంది. బేసిక్ తక్కువగా చూపే సంస్థలు పాత లెక్కను పక్కనపెట్టి కొత్త వాల్యుయేషన్ (గ్రాట్యుటీ భారం ఎంతో తేల్చే అంచనా) అడగాలి.