నల్లబల్ల పక్కన 65 అంగుళాల తెర: రెండేళ్లు వాడాక

మా తొమ్మిదో తరగతి గదిలో డిజిటల్ ప్యానెల్ బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు నల్లబల్ల నడిమధ్యన కొలత గీసి డ్రిల్లింగ్ మిషన్ తీశారు. "అక్కడ కాదు బాబూ, కిటికీకి ఎడంగా పక్క గోడకు పెట్టండి" అన్నాను. "అందరూ మధ్యలోనే పెట్టించుకుంటున్నారు మేడమ్" అన్నాడు వాళ్లలో ఒకడు. వినలేదు. నల్లబల్ల దక్కింది. ఈ రెండేళ్లలో ఆ ప్యానెల్ విషయంలో నేను తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదే మొదటిది.

కోనసీమలో గోదావరి వైనతేయ పాయను ఆనుకుని ఉన్న ఊళ్లో భౌతికశాస్త్రం చెబుతాను. సగం మంది పిల్లలు నది మధ్య లంకల నుంచి వస్తారు. ప్యానెల్ అంటే పెద్ద ఆండ్రాయిడ్ ఫోను అనుకోండి, కాకపోతే గాజుకు స్పర్శ తెలియదు. చట్రం ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు కంటికి కనిపించని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా వెళ్తుంటాయి. వాటికి ఏది అడ్డుపడితే అదే వేలు. సుద్దముక్క పని చేస్తుంది, బెత్తం పని చేస్తుంది, బల్లి కూడా పని చేస్తుంది. తొలకరి వానలప్పుడు ఒక సాయంత్రం పదో తరగతికి కుంభాకార కటకం పటం గీస్తుంటే వెలుగుకు వచ్చిన ఉసిళ్లు చట్రం మీద వాలాయి. నేను చేయి తీసేసినా గీత సాగుతూనే ఉంది. చూస్తుండగానే కటకం పక్కకు జరిగిపోయింది. పిల్లల నవ్వు ఆగడానికి ఐదు నిమిషాలు పట్టింది. అందుకే గాజు కన్నా ముందు చట్రం లోపలి అంచును పొడిగుడ్డతో తుడవాలి. ఎండ నేరుగా పడినా ఇదే తంతు. కిటికీకి ఎడంగా పెట్టమన్నది అందుకు కాదు కానీ, అది కూడా కలిసొచ్చింది. అప్పుడు నా భయమల్లా చివరి బెంచీ వాళ్లకు తెర మీద పాఠం బదులు కిటికీ అవతలి కొబ్బరిచెట్లు కనిపిస్తాయని.

కరెంటు పోతే మళ్లీ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో తరగతి సంత అవుతుంది. ఇంటర్నెట్‌ను నమ్ముకోలేదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్షా యాప్‌లో దొరికే వీడియోలను నెట్ బాగున్న పూటే దించి పెట్టుకుంటాను.

వీడియో పాఠాల గొంతు చక్కగా ఉంటుంది, బొమ్మలు ఇంకా చక్కగా ఉంటాయి. ఆగడమే తెలియదు. వెనకటికి ప్రాథమిక బడుల్లో రేడియోలో 'విందాం నేర్చుకుందాం' వచ్చేది. ప్రశ్న అడిగి పిల్లల జవాబు కోసం ఆగేది. ఇప్పటి వీడియోకు ఆ మర్యాద లేదు. అందుకని చాలాసార్లు దాని నోరు మూయించి, బొమ్మలకు నేనే మాట చెబుతున్నాను. ఘర్షణ పాఠంలో మంచు మీద జారే మనిషిని చూపిస్తారు. బురద మడిలో కాలు జారి పడ్డ పిల్లలకు ఆ మంచు ఎందుకో నాకు అర్థం కాదు.

న్యూటన్ మూడో నియమానికి తొమ్మిదో తరగతి పుస్తకంలో పడవ మీంచి దూకే నావికుడి బొమ్మ ఉంది. ఆ బొమ్మ మా రేవులో రోజూ కదులుతూ కనిపించేదే. పడవ నడిపే పెద్దాయనను అడిగితే "ఇందులో పాఠం ఏముందమ్మా" అంటూనే మూడుసార్లు గట్టు మీదికి దూకి చూపించారు. ఫోనులో స్లో మోషన్‌లో తీసి ప్యానెల్ మీద వేశాను. పాదం వదిలిన క్షణం దగ్గర ఆపి, వేలితో రెండు బాణాలు గీశాను. ముందుకు మనిషి, వెనక్కి పడవ. అంతటితో అయిపోయిందనుకున్నాను. రెండో వరుసలోని ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మూడోసారి పడవకు తాడు కట్టి ఉంది. అది వెనక్కి పోలేదు. మరి ఆ బలం ఏమైంది?" అంది. నేను గమనించనే లేదు. వెనక్కి జరిపి చూస్తే నిజమే, తాడు బిగిసిన చోట పడవ ఆగింది. ప్యానెల్ ఆపేసి నల్లబల్ల దగ్గరికి వెళ్లాను. పడవ, తాడు, గుంజ, భూమి వరుసగా గీసి ఒక్కోదాని మీద పనిచేసే బలాలు రాసేసరికి గంట కొట్టారు. అవన్నీ ఒక్కచోట, చెరగకుండా, కళ్లెదుట ఉండాలి. తెర మీద పేజీ మారిందంటే నెమ్మదిగా రాసుకునే పిల్లాడి కలం అక్కడే ఆగిపోతుంది.

విద్యుత్ పాఠానికి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, బాగా పనికొచ్చాయి. తీగలు కాలవు, సెల్లులు అయిపోవు, ప్రతి పిల్లా వచ్చి ఒకసారి వలయం కలపవచ్చు. అయినా అట్టపెట్టెలోని అసలు బల్బులను పారేయలేదు. తెర మీది వలయంలో కనెక్షన్ ఎన్నడూ వదులు కాదు. బల్బు వెలగనప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో వెతకడమే కదా సగం పాఠం.

ఈ యంత్రానికి నేను పూర్తి మార్కులు వేసింది ఒక్క సందర్భంలోనే. వరద తగ్గి బడి తెరిచాక. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మా పిల్లలకు ఎక్కాల కన్నా బాగా తెలుసు. ఆ రోజుల నీటిమట్టాలను పాత పేపర్లలోంచి ఏరి, లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫు వేయించాను. హెచ్చరికలకు మూడు అడ్డగీతలు. గీత నిటారుగా లేచిన చోట నీళ్లు వేగంగా పెరిగాయని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒక లంక పిల్లాడు మాత్రం ఒప్పుకోలేదు. "అక్కడ తగ్గుతోందని చెప్పాక కూడా మా ఇంటి దగ్గర పెరిగింది మేడమ్." ఎలా తెలుసు అంటే, వాళ్ల అరుగు మెట్లు లెక్కపెట్టుకున్నాడట. ఏ పూట ఎన్ని మెట్లు మునిగాయో అతను చెబుతుంటే అదే గ్రాఫులో రెండో గీత వేశాం. దాని శిఖరం మొదటిదానికి కుడివైపున నిలబడింది. ఆనకట్ట దాటిన నీరు వాళ్ల లంకకు చేరడానికి పట్టిన సమయం ఆ రెండు శిఖరాల మధ్య ఉంది. సుద్దముక్కతో అయితే అంత ఓపికగా చుక్కలు పెట్టి, చెరిపి, కొలత మార్చి మళ్లీ వేసేదాన్ని కాదు.

మన్నిక సంగతి చెప్పాలి. ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నులు చిలుమెక్కుతున్నాయి, నెలకోసారి రుద్దుకుంటున్నాం. నాలుగు నెలల క్రితం తెర కుడివైపు కింది మూల వేలికి పలకడం మానేసింది. ఫిర్యాదు చేస్తే ఒక నంబరు ఇచ్చారు, మనిషి ఇంకా రాలేదు. క్విజ్‌లో నాలుగో జవాబు సరిగ్గా ఆ మూలనే వస్తుంది. నొక్కినా పలకదు కాబట్టి ప్రశ్నలు నేనే సర్దుకుంటున్నాను. పిల్లలు కనిపెట్టేశారు, ప్యానెల్ మీద పెట్టే పరీక్షలో జవాబు 'డి' కానే కాదని.